స్పెయిన్ తపాస్ బార్లు, కాక్‌టెయిల్ బార్లు: ఆర్డరు, బిల్లు, వెజ్ సంగతులు, షెర్రీ

నిమ్మతొన:
సెప్టెంబరు చివర్లో ఆరుగురం మాడ్రిడ్, సెవియా, గ్రనాదా, బార్సెలోనా వెళ్తున్నాం. వీలైతే సాన్ సెబాస్తియాన్ కూడా. ఎక్కడ చదివినా "తపాస్ తినండి, కాక్‌టెయిల్ తాగండి" అని ఉంటుందే తప్ప ఆర్డర్ ఎలా ఇవ్వాలో ఎవరూ రాయరు. మాలో ఇద్దరు వెజ్. వాళ్లలో ఒకరు గుడ్డు తింటారు, ఇంకొకరు తినరు. ఒకరు మందు అసలు ముట్టరు. బీఫ్ ఎవరమూ తినం. ఎన్నింటికి వెళ్లాలి, బుక్ చేసుకోవాలా, ఆరుగురికి ఎన్ని ప్లేట్లు చెప్పాలి, కాక్‌టెయిల్ బార్‌లో ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

సెవియా_సత్రం:
ముందు టైము సంగతి తేల్చుకోండి, మిగతావి తర్వాత. అక్కడ మధ్యాహ్న భోజనం 2 నుంచి 4 దాకా. రాత్రి వంటగది తెరిచేది 8, 8:30కి. స్థానికులు వచ్చేసరికి 9 దాటుతుంది. మధ్యలో నాలుగు గంటలు చాలా బార్లు తెరిచే ఉంటాయి, పొయ్యి మాత్రం ఆర్పేసి ఉంటుంది. ఆ వేళలో దొరికేవి చల్లటివి: ఆలివ్‌లు, చీజ్, హమోన్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం), కౌంటర్ మీద అద్దాల కింద ఉన్నవి. సాయంత్రం 6 గంటలకి ఆకలితో వెళ్లి "వేడివేడిగా ఏమీ లేదన్నాడు" అని విసుక్కుంటే తప్పు మనదే. ఆ టైములో ఫుల్ మెనూ పెట్టి, బయట ఫొటోల బోర్డులు నిలబెట్టే చోట్లు పూర్తిగా టూరిస్టుల కోసం నడిచేవి.

రెండోది సైజు. తాపా అంటే ఒక మనిషికి చిన్న ప్లేటు. రాసియోన్ అంటే ముగ్గురు నలుగురు పంచుకునే పెద్ద ప్లేటు. దాంట్లో సగం మీడియా రాసియోన్. ఒకే వంటకం మూడు ధరల్లో బోర్డు మీద కనిపిస్తే అర్థం ఇదే. సెవియాలో తాపా సైజు దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది. మాడ్రిడ్, బార్సెలోనాల్లో చాలాచోట్ల రాసియోన్లే ఉంటాయి, కాబట్టి అక్కడ ఆరుగురు కలిసి వెళ్లడం లాభం. సెవియా, గ్రనాదాల్లో ఆరుగురు ఒకే గుంపుగా తిరగడం నష్టం. కౌంటర్ దగ్గర అంత చోటు దొరకదు.

ఓరుగల్లు_పోరడు:
అన్న చెప్పింది కరెక్టే. నేను ఒక్క మాట కలుపుత. అన్నీ ఒక్కసారే చెప్పొద్దు. మనోళ్లు మెనూ చేతికి రాంగనే పది ఐటమ్‌లు చెప్పేస్తరు. ఆడ వంటగది ఏది ముందు అయితే అది పంపిస్తది, వరుస ఏం ఉండదు. ఐదు నిమిషాల్ల టేబుల్ నిండిపోతది, వేయించినవి చల్లారి మెత్తబడతయి. రెండు చల్లటివి, ఒకటి వేడిది చెప్పి ఆగాలె. అవి సగం అయినంక ఇంకో రెండు. ఆరుగురికి మొత్తం మీద ఐదారు రాసియోన్లు సరిపోతయి, అది కూడా ఆ ఒక్క చోటనే తిని లేస్తే. మూడు బార్లు తిరుగుదామంటే ఒక్కో తాన రెండు రాసియోన్లు, ఒక రౌండు డ్రింకులు, అంతే. లేచి ఇంకో తానికి పోవాలె.

పచ్చికారం:
వెజ్ సంగతి నేను చెప్తాను, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. "వెజిటేరియన్" అంటే అక్కడ చాలామందికి మాంసపు ముక్క లేదని మాత్రమే అర్థం. హమోన్ ముక్కలు, ట్యూనా వాళ్ల లెక్కలో రుచి కోసం వేసే సరుకు. బోర్డు మీద "వెహెతాల్" అని ఉన్న సాండ్‌విచ్‌లో ట్యూనా, గుడ్డు సర్వసాధారణం. అందుకే ఈ వాక్యం కంఠతా పట్టండి: "సోయ్ వెహెతారియానో. నో కోమో కార్నే, ని హమోన్, ని పెస్కాదో, ని అతూన్." ఆడవాళ్లయితే వెహెతారియానా. గుడ్డు వద్దంటే "సిన్ ఉయెవో".

చూడ్డానికి వెజ్‌లా ఉండి మోసం చేసేవి ఇవి:

బొంబా, బార్సెలోనాలోని బార్సెలోనెతా పేటది. అచ్చం మన ఆలూ బోండాలా గుండ్రంగా, పైన ఎర్రటి కారం సాస్‌తో వస్తుంది. విరిస్తే మధ్యలో కీమా.

పుట్టగొడుగులు. తొడిమ తీసి పెనం మీద కాల్చిన టోపీల గుంటలో వెల్లుల్లి నూనెతో పాటు చోరిసో (పంది మాంసం సాసేజ్) ముక్క వేయడం మాడ్రిడ్ అలవాటు. "సిన్ చోరిసో" అని ముందే చెప్పాలి.

ఆలివ్‌లు. మధ్యలో ఎర్రగా కనిపిస్తే మిరప, గోధుమరంగుగా ఉంటే ఆంచోవీ చేప. డబ్బాలో వచ్చే ఆలివ్‌లలో ఆంచోవీ కూరినవే అక్కడ ఎక్కువ.

సాల్మొరెహో. టొమాటో, బ్రెడ్డు, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన చల్లటి చిక్కని సూప్, కోర్దోబా వంట. అడుగు పూర్తిగా వెజ్. పైన మాత్రం ఉడికిన గుడ్డు తరుగు, హమోన్ తరుగు చల్లుతారు. "సిన్ ఉయెవో ని హమోన్" అంటే మామూలుగా ఇస్తారు. గ్లాసులో పోసి పెట్టేసినవైతే కుదరదు.

ఎన్సలదీయా రూసా. ఆలుగడ్డ, క్యారెట్, మయొనెయిజ్ సలాడ్, లోపల ట్యూనా దాదాపు ఖాయం.

ఆర్టిచోక్, లేత చిక్కుడు గింజలు, పచ్చి బీన్స్: మూడింటిలోనూ హమోన్ వేసి వేయించడమే వాళ్ల పద్ధతి. పప్పుల్లో చోరిసో.

గుడ్డు కూడా తినని వారికి నిశ్చింతగా దొరికేవి: టొమాటో రుద్దిన బ్రెడ్డు, వేయించిన చిన్న పచ్చి పద్రోన్ మిరపకాయలు, కాల్చిన వంకాయ-మిరప ఎస్కలివాదా (పైన ఆంచోవీ వద్దని చెప్పి), చల్లటి టొమాటో సూప్ గస్పాచో, బాదం-వెల్లుల్లి చల్లటి సూప్ అహోబ్లాంకో, చీజ్. సెవియాలో పాలకూర-శనగలు, అదే ఎస్పినాకాస్ కొన్ గర్బాన్సోస్, తప్పక అడగండి. వేయించిన బ్రెడ్డు, వెల్లుల్లి, జీలకర్ర నూరి కలుపుతారు, మన నాలుకకి దగ్గరగా ఉంటుంది. కొన్నిచోట్ల మాంసం ఉడికిన నీళ్లు పోస్తారు, "యేవా కాల్దో దె కార్నే?" అని ఒకసారి అడగాలి. వంకాయ వేపుడు మీద చెరకు పాకం పోసే బెరెన్హేనాస్ కొన్ మియెల్ కూడా బాగుంటుంది. మామూలుగా పిండిలో దొర్లించి వేయిస్తారు, కొందరు గుడ్డు కలుపుతారు, అదీ అడగాల్సిందే.

వేయించే నూనె వేరుగా ఉండదు. చిన్న బార్‌లో ఒకటే ఫ్రైయర్, క్రోకెతాలూ (చిక్కటి తెల్ల సాస్‌తో చుట్టి వేయించే ఉండలు) స్క్విడ్లూ ఆలుగడ్డలూ అందులోనే. అది పట్టింపు ఉన్నవాళ్లు బ్రావాస్ (సాస్ పోసిన ఆలుగడ్డ వేపుడు) కూడా వదిలేసుకోవాలి. మాంచేగో లాంటి సంప్రదాయ చీజ్‌లలో పాలు విరగ్గొట్టే రెన్నెట్ మామూలుగా జంతువు పొట్ట నుంచి తీసిందే.

బార్రా_దగ్గర:
@పచ్చికారం గారు, మంచి జాబితా. అలర్జీల పట్టిక సంగతి కూడా చెప్పాలి. యూరప్ చట్టం ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల సమాచారం ప్రతి బార్ ఇవ్వాలి. "కార్తా దె అలేర్హెనోస్" అని అడిగితే ఇస్తారు. చేప, రొయ్య జాతి, నత్త-గవ్వ జాతి, గుడ్డు, పాలు అన్నీ బొమ్మలతో ఉంటాయి. గుడ్డు తినని వారికి ఇది బ్రహ్మాండం. కానీ మాంసం అలర్జీల జాబితాలో లేదు! పట్టికలో ఏ బొమ్మా లేదని ధీమాగా తినేస్తే అందులో పంది కొవ్వు ఉండొచ్చు. గుడ్డు, చేపలకి పట్టికను నమ్మండి, మాంసానికి నోటితో అడగండి.

స్వీట్లలో కూడా ఇదే తంటా. పోల్వొరోన్, మంతెకాదో, మయోర్కా దీవి ఎన్సైమాదా: మూడింటిలో సంప్రదాయంగా వేసేది పంది కొవ్వే.

బీఫ్ వద్దనుకునేవాళ్లు వెతకాల్సిన మాటలు తెర్నెరా, వాకా, బుయెయ్, తోరో. రాబో దె తోరో అంటే తోక కూర. కాయోస్ అంటే పొట్ట ముక్కలు, మాడ్రిడ్‌లో ఇది పశువుదే. కర్రియాదా, అంటే బుగ్గ మాంసం, పందిదీ పశువుదీ రెండూ ఉంటాయి, "దె సెర్దో?" (పందిదా?) అని అడగాలి. ఆల్బొందిగాస్ ఉండల్లో రెండూ కలిపి రుబ్బడం మామూలే. కనిపెట్టడం కష్టమైనది సెసీనా. ముదురు ఎరుపు పల్చటి ముక్కలు, హమోన్ అనుకుంటాం, అది ఉప్పు పట్టించి పొగబెట్టి ఆరబెట్టిన పశువు మాంసం. లెయోన్ వైపు ఎక్కువ.

నిమ్మతొన:
అబ్బో, ఇంత ఉందా! మందు ముట్టని మనిషికి ఏం చెప్పాలి? గ్రనాదాలో డ్రింకుతో ప్లేటు ఫ్రీ అంటారు, కూల్‌డ్రింక్‌కి కూడా ఇస్తారా?

సెవియా_సత్రం:
ఇస్తారు. గ్రనాదా, హయేన్, అల్మెరీయా ఊళ్లలో, ఉత్తరాన లెయోన్‌లో, డ్రింకు చెప్తే ప్లేటు దానంతటదే వస్తుంది. బీరు, వైన్, కూల్‌డ్రింక్, ద్రాక్షరసం మోస్తో, దేనికైనా. కాఫీకి రాదు. మామూలు నీళ్లకీ ఆశ పెట్టుకోవద్దు. ఏ ప్లేటు అనేది చాలాచోట్ల బార్ ఇష్టం, రౌండు మారేకొద్దీ ప్లేటు మారుతుంది. ఆరుగురు ఒకేసారి ఆర్డర్ చెప్తే ఆరింటికీ ఒకే రకం వచ్చే అవకాశం ఎక్కువ. వెజ్ అని చెప్పాల్సింది డ్రింకు చెప్పేటప్పుడే. ప్లేటు కౌంటర్ మీదికి వచ్చాక మార్చమంటే ముఖం చిట్లిస్తారు, న్యాయమే కదా, డబ్బు తీసుకోని ప్లేటు అది. సెవియాలో, బార్సెలోనాలో ఫ్రీ ఉండదు. మాడ్రిడ్‌లో నాలుగు ఆలివ్‌లో చిప్సో పెడతారు.

మందు ముట్టని వారికి ముఖ్యమైన తేడా ఒకటుంది. "సిన్ అల్కోహోల్" బీరులో స్పెయిన్ నిబంధన ప్రకారం 1 శాతం లోపు ఆల్కహాల్ ఉండొచ్చు. అసలు వద్దంటే "సెరో సెరో" అనాలి. అది వేరే సీసా. ఎర్రగా చేదుగా ఉండే బిట్టర్ కాస్ సోడా ఐసు, నారింజ ముక్కతో తాగితే అందరితో పాటు వెర్మూత్ (మూలికలు వేసిన వైన్) పట్టుకున్నట్టే ఉంటుంది. కూరల్లోనూ చూసుకోండి: సెవియాలో సొలొమీయో అల్ విస్కీ (పంది మాంసం), ఉత్తరాన యాపిల్ మందు సైడర్‌లో ఉడికించిన చోరిసో.

నీళ్ల సంగతి: 2022లో వచ్చిన చెత్త తగ్గింపు చట్టం (7/2022) ప్రకారం బార్లు, రెస్టారెంట్లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. "ఆగువా దెల్ గ్రిఫో" అని అడగండి. ఉత్తినే "ఆగువా" అంటే సీసా తెచ్చి బిల్లేస్తారు.

గాజుగ్లాసు:
డ్రింకుల పని నాకు వదిలేయండి.

మొదటి సూత్రం: స్పెయిన్‌లో కాక్‌టెయిల్‌ని తిండితో పాటు తాగరు. భోజనానికి ముందు వెర్మూత్, తిండితో బీరు, వైన్ లేదా షెర్రీ (దక్షిణ స్పెయిన్‌లో చేసే ఘాటైన వైన్), అంతా అయ్యాక జిన్ టానిక్ గానీ కాక్‌టెయిల్ గానీ. తపాస్ బార్‌లో కూర్చుని మార్గరీటా చెప్తే ఇస్తారేమో, బాగుండదు. అక్కడ నిమ్మరసం సీసాలోది, ఐసు చిన్నది, చేసేవాడికి తీరిక లేదు.

తపాస్ బార్‌లో చెప్పాల్సినవి: బీరైతే కాన్యా, సుమారు 200 మిల్లీలీటర్లు. చిన్న గ్లాసు ఎందుకంటే ఎండలో పెద్ద గ్లాసు సగం తాగేసరికి వేడెక్కిపోతుంది. బీరులో లెమన్ సోడా కలిపితే క్లారా. వేసవిలో తింతో దె వెరానో: పెద్ద గ్లాసు నిండా ఐసు, సగం చవక ఎర్ర వైన్, సగం గసెయోసా సోడా, నిమ్మచెక్క. సెవియా జాతర ఫెరియాలో తాగేది రెబుహీతో: ఒక వంతు మన్సానీయా షెర్రీ, రెండు వంతులు లెమన్-లైమ్ సోడా, పుదీనా, బోలెడు ఐసు. ఈ రెండింటిలోనూ సోడా ఆఖరున పోయాలి, ఒక్కసారే కలపాలి. గరిటెతో తిప్పుతూ కూర్చుంటే గ్యాసు పోయి చప్పబడుతుంది.

షెర్రీ అనగానే తియ్యటి ముసలివాళ్ల మందు అనుకునేవాళ్లు చాలామంది. ఫినో, మన్సానీయాలు ఎముకల్లా పొడిగా ఉంటాయి, తీపి ఉండదు, 15 శాతం ఆల్కహాల్. పీపాలో వైన్ మీద ఈస్ట్ మీగడలా తేలుతూ గాలి తగలనివ్వదు, ఆ రుచి దానివల్లే. మన్సానీయా ఒక్క సాన్లూకార్ ఊళ్లోనే తయారవుతుంది. ఈస్ట్ పొర పోయాక గాలి తగిలి ముదిరితే అమొంతియాదో. మొదటినుంచీ గాలిలో పెరిగింది ఒలొరోసో, 17 దాటి ఉంటుంది. పెద్రో హిమేనెస్ నల్లటి పాకం, ఐస్‌క్రీమ్ మీద పోసుకునేంత తీపి. వేయించిన చేపలకి, ఆలివ్‌లకి ఫినో. పుట్టగొడుగులకి, ఆర్టిచోక్‌కి అమొంతియాదో. ఫినోని చల్లగా, 7 నుంచి 9 డిగ్రీల్లో ఇవ్వాలి. గది వేడికి వచ్చిందంటే, లేత గడ్డిరంగు పోయి బంగారు రంగులోకి తిరిగి పండిపోయిన యాపిల్ వాసన వేస్తోందంటే ఆ సీసా తెరిచి చాలా రోజులైంది. తెరిచాక ఫ్రిజ్‌లో వారం దాటితే ఫినో పాడు. ఒలొరోసో నెలలు ఆగుతుంది. కాబట్టి ఫినో ఎక్కువ అమ్ముడయ్యే బార్‌లోనే ఫినో తాగాలి.

మాడ్రిడ్‌లో ఎచెగరాయ్ వీధిలో లా వెనెన్సియా అని తాగడానికి షెర్రీ తప్ప దాదాపు ఇంకేమీ అమ్మని బార్ ఉంది. బీరు లేదు, కోలా లేదు. ఫొటోలు తీయనివ్వరు, టిప్పు పుచ్చుకోరు, మీ లెక్క కౌంటర్ చెక్క మీద సుద్దముక్కతో రాస్తారు. సెవియాలో 1670 నాటి ఎల్ రిన్‌కొన్‌సీయోలో కూడా సుద్ద లెక్కే. మోచెయ్యి ఆనించి అంకెలు చెరిపేయకండి.

ఓరుగల్లు_పోరడు:
సంగ్రియా గురించి ఎవరూ మాట్లాడలే? మనోళ్లు దిగంగనే అదే చెప్తరు.

బార్రా_దగ్గర:
టూరిస్టు వీధుల్లో లీటరు జగ్గుల్లో వచ్చేది ముందే కలిపి డబ్బాలో పెట్టింది. పండు ముక్కలు పైన అలంకారానికి. వద్దంటాను.

గాజుగ్లాసు:
అంత ఖండితంగా అనక్కర్లేదు. వైన్, నారింజ, కొద్దిగా బ్రాందీ, చక్కెర కలిపి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టి ఇచ్చే ఇళ్లూ బార్లూ ఉన్నాయి. "కసేరా?" (ఇక్కడే చేసిందా?) అని అడగండి. అవును అన్నా, జగ్గులో పండు ముక్కలు వైన్ రంగు పీల్చుకోకుండా తెల్లగా మెరుస్తుంటే అబద్ధం. కాకపోతే తెలియని చోట తింతో దె వెరానోయే సేఫ్. చవక, తేలిక, మోసం చెయ్యడానికి అందులో ఏమీ లేదు.

ఇక అసలు కాక్‌టెయిల్ బార్లు. బార్సెలోనాలో రాంబ్లా పక్కన తయేర్స్ వీధి మూలలో బొవాదాస్, 1933 నుంచి ఉంది. పెట్టిన మిగెల్ బొవాదాస్ పుట్టింది హవానాలో, ఎల్ ఫ్లొరిదీతా బార్‌లో పనిచేసి వచ్చాడు. అక్కడి "త్రోయింగ్" పద్ధతి ఆయనతో బార్సెలోనాకి వచ్చి ఆ ఊరి సొంతమైపోయింది. చూసి తీరాలి కాబట్టి ఎలా చేస్తారో చెప్తాను. పై చేతిలో ఐసు నింపిన గ్లాసు, మూతిలో జాలీ బిగించి ఉంటుంది, అందుకే ఐసు కిందికి జారదు. కింది చేతిలో ఖాళీ గ్లాసు. పోయడం మొదలుపెట్టినప్పుడు రెండూ తాకుతున్నంత దగ్గరగా ఉంటాయి. ధార కుదిరాక కింది చెయ్యి మెల్లగా నడుం కిందిదాకా దిగుతుంది. పై చెయ్యి కదలదు. నాలుగైదుసార్లు అలా తిప్పి పోస్తారు. షేక్ చేస్తే ఐసు పగిలి నీరెక్కువ చేరుతుంది, కలియబెడితే గాలి చేరదు. త్రోయింగ్‌లో నీరు తక్కువ, గాలి ఎక్కువ. వెర్మూత్, షెర్రీ ఉన్న డ్రింకుల వాసన దీనివల్లే విచ్చుకుంటుంది. నిమ్మరసం, గుడ్డు తెల్లసొన ఉన్నవాటికి ఇది పనికిరాదు, అవి గట్టిగా షేక్ చెయ్యాల్సిందే. ఇంట్లో ప్రయత్నించేవాళ్లు మొదటే ఎత్తు నుంచి పోస్తే ధార చీలి నేలపాలవుతుంది. మధ్యలో భయపడి ఆపినా అంతే.

అక్కడ అడగదగ్గవి: డ్రై మార్టినీ, లేదా షెర్రీ కాక్‌టెయిల్స్. బాంబూ అంటే ఫినో, డ్రై వెర్మూత్ సమానంగా, రెండు రకాల బిటర్స్ (మూలికల చేదు సారం) ఒక్కో చుక్క. అదోనిస్ అంటే రెండు వంతులు ఫినో, ఒక వంతు తియ్యటి ఎర్ర వెర్మూత్, ఆరెంజ్ బిటర్స్. రెండూ విస్కీ కాక్‌టెయిల్స్ కంటే తేలిక. రాత్రంతా తిరగాలనుకునేవాళ్లకి ఇవే సరి.

మాడ్రిడ్‌లో గ్రాన్ వీయా 12లో 1931 నాటి మ్యూసెయో చికోతే. కొత్త తరంలో బార్సెలోనాదే పైచెయ్యి: "వరల్డ్స్ 50 బెస్ట్ బార్స్" జాబితాలో 2022లో పారదీసో, 2023లో సిప్స్ మొదటి స్థానంలో నిలిచాయి. పారదీసో లోపలికి దారి ఒక పస్త్రామీ (మాంసం) కొట్టులో ఫ్రిజ్ తలుపు గుండా. బుకింగ్ పద్ధతులు మారుతుంటాయి కాబట్టి వాళ్ల సైట్ చూసుకోండి. బుకింగ్ దొరక్కపోతే తెరిచే వేళకే గుమ్మం ముందుండాలి. ఆరుగురు ఒక టేబుల్‌కి కష్టం, ముగ్గురు ముగ్గురుగా చేసుకోండి.

పచ్చికారం:
గాజుగ్లాసు గారూ, కొత్త తరం బార్లలో వెజ్ వాళ్లకి ఏమైనా తిరకాసు ఉందా? గ్లాసులో కూడానా అని నవ్వకండి.

గాజుగ్లాసు:
నవ్వను, నిజంగానే ఉంది. సవర్ అనే పుల్లటి కాక్‌టెయిల్ రకాల్లో పైన తెల్లటి నురుగు గుడ్డు తెల్లసొన. "సిన్ క్లారా" అంటే మానేస్తారు. అదే మాట బీరు దగ్గర అంటే వాళ్లకి నిమ్మసోడా బీరు గుర్తొస్తుంది, కాబట్టి "సిన్ క్లారా దె ఉయెవో" అని పూర్తిగా చెప్పండి. నీళ్లలా తేటగా ఉండి నోట్లో నున్నగా తగిలే క్లారిఫైడ్ డ్రింకుల్ని పాలు విరగ్గొట్టి వడకడతారు. బ్లడీ మేరీలో వేసే వూస్టర్ సాస్‌లో ఆంచోవీ చేప ఉంటుంది. "ఫ్యాట్ వాష్" అని మెనూలో కనిపిస్తే ఆగి అడగండి. కొవ్వుని మందులో కలిపి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి తీసేసి, వాసన మాత్రం మిగుల్చుకోవడం ఆ పద్ధతి. అది వెన్నో కొబ్బరినూనో కావచ్చు, స్పెయిన్‌లో హమోన్ కొవ్వు కూడా కావచ్చు.

మందు ముట్టని వారికి పాత బార్లన్నిటికీ తెలిసిన పేరు సాన్ ఫ్రాన్సిస్కో: నారింజ, అనాస, నిమ్మ రసాలు, దానిమ్మ పాకం గ్రెనడీన్. కొందరు వోడ్కా పోసి కూడా చేస్తారు, "సిన్ అల్కోహోల్" అని కలపండి.

జిన్ టానిక్ అడిగితే పెద్ద బెలూన్ గ్లాసు వస్తుంది. జిన్ పేరూ టానిక్ పేరూ మీరే చెప్పాలి. 50 మిల్లీలీటర్ల జిన్‌కి 200 టానిక్ సరైన పాళ్లు. మామూలు బార్లలో కొలత పెట్టరు, చేత్తో పోస్తారు, 50 అనుకున్నది 70 అయిపోతుంది. రెండు పెగ్గులు అనుకుని లెక్క వేసుకునేవాళ్లు జాగ్రత్త. ఐసు అంచుదాకా ఉండాలి. తక్కువ ఐసు వేస్తే త్వరగా కరిగి డ్రింకు పల్చనవుతుంది. దోసకాయ, మిరియాలు, ఏలకులు, పువ్వులు వేసి సలాడ్ చేసే పిచ్చి కొంత తగ్గింది గానీ పోలేదు. "సోలో ఉనా పియెల్ దె లిమోన్" అంటే నిమ్మతొక్క ఒక్కటే వేస్తారు. @నిమ్మతొన గారి పేరు నిలబడుతుంది.

కారు అద్దెకి తీసుకునేవాళ్లకి: రక్తంలో లీటరుకి 0.5 గ్రాములు పరిమితి. లైసెన్సు కొత్తవాళ్లకి, వృత్తి డ్రైవర్లకి 0.3. చేతిపోత జిన్ టానిక్‌లతో దాన్ని దాటడం చాలా సులువు.

సెవియా_సత్రం:
నాన్‌వెజ్ నలుగురి కోసం కాస్త. ఇబేరికో హమోన్ కాలికి 2014 నిబంధనల నుంచి నాలుగు రంగుల చీటీలు. నలుపు అంటే నూరు శాతం ఇబేరికో జాతి, ఓక్ కాయలు తిని పెరిగింది. ఎరుపు అంటే సంకర జాతి, అదే మేత. ఆకుపచ్చ అంటే పొలంలో తిరుగుతూ దాణా తిన్నది. తెలుపు అంటే కొట్టంలో దాణా. బార్‌లో కాలు వేలాడుతూనే ఉంటుంది, చీటీ చూసి ధర బేరీజు వేయండి. తెల్లచీటీకి నల్లచీటీ ధర అడిగే చోట్లు లేకపోలేదు. ముక్క గది వేడిలో ఉండాలి, కొవ్వు మెరుస్తూ వేలికి అంటాలి. ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తే కొవ్వు తెల్లగా మైనంలా ఉంటుంది, రుచి తెలియదు.

గాంబాస్ అల్ అహీయో: చిన్న మట్టిపాత్రలో ఆలివ్ నూనె, పల్చగా కోసిన వెల్లుల్లి, ఎండుమిరప. నూనె చల్లగా ఉన్నప్పుడే వెల్లుల్లి వేసి సన్నమంట మీద వేడిచేస్తారు, అంచులు బంగారు రంగు తిరగ్గానే రొయ్యలు. నిమిషం నిమిషంన్నర చాలు, దించాక కూడా మట్టిపాత్ర వేడికి ఉడుకుతూనే ఉంటాయి. వెల్లుల్లి నల్లబడితే నూనె మొత్తం చేదు, వెనక్కి పంపండి. నూనెకోసం బ్రెడ్డు అడగండి, రొయ్యల కంటే అదే బాగుంటుంది. పాత్ర ముట్టుకోవద్దు.

వెనిగర్‌లో నానిన పచ్చి బొకెరోనెస్ చేపలకి భయపడక్కర్లేదు. అనిసాకిస్ పురుగు కోసం బార్లు కనీసం 24 గంటలు మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించాలని నిబంధన. వెనిగర్ ఆ పురుగుని చంపదు.

క్రోకెతాలు అన్నీ అచ్చుపోసినట్టు ఒకే సైజులో ఉంటే ఫ్యాక్టరీ సరుకు. చేత్తో చుట్టినవి వంకరటింకరగా ఉంటాయి, కొరికితే లోపలి సాస్ జారాలి. ముద్దలా నిలబడితే పిండి ఎక్కువైంది.

ఓరుగల్లు_పోరడు:
సాన్ సెబాస్తియాన్ పోతే లెక్క వేరే ఉంటది. తపాస్‌ని ఆడ పించోస్ అంటరు. కౌంటర్ మీద పేర్చినవి చూసి మనోళ్లు ప్లేటు నింపేస్తరు. అవి చల్లటివి, పొద్దటినుంచి ఉన్నయి కూడా కావచ్చు. అసలు వంట గోడమీది నల్లబోర్డు మీద ఉంటది, అడిగితే అప్పుడు చేసిస్తరు. ఒక్కో బార్‌కి ఒక్కటే స్పెషల్ ఉంటది, అది తిని పోవాలె. గిల్దా ట్రై చేయండి: ఒక పుల్లకి ఆలివ్, ఊరబెట్టిన పచ్చిమిరప, ఆంచోవీ. పుల్లలు పారేయొద్దు, కొన్నిచోట్ల వాటిని లెక్కబెట్టే బిల్లు. బార్ నెస్తోర్‌ల ఆలుగడ్డ తొర్తీయా (ఆమ్లెట్) పూటకి ఒక్కటే చేస్తరు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. గంట ముందే పోయి పేరు రాయించుకోవాలె. గురువారం సాయంత్రం గ్రోస్ పేటల డ్రింకు, పించో కలిపి చవకగ ఇస్తరు, పించో పోతే అంటరు.

నిమ్మతొన:
అందరికీ ధన్యవాదాలు. ఆఖరి సందేహం, బిల్లు, టిప్పు. పద్రోన్ మిరపకాయలు కారమా?

బార్రా_దగ్గర:
పద్రోన్: గుంటూరు మనిషికి అది కారమే కాదు. పదిట్లో ఒకటి కాస్త చురుక్కుమంటుంది, ఏదో ముందే చెప్పలేం, ఎండాకాలం చివరికి వచ్చినవి కొంచెం ఘాటు. సెప్టెంబరు కాబట్టి మీకు అదృష్టం ఉండొచ్చు. బ్రావాస్ సాస్ కూడా పేరుకే కారం. నిజమైన మాడ్రిడ్ బ్రావాస్‌లో టొమాటో ఉండదు, కారప్పొడి, పిండి, మరుగు నీళ్లతో చేస్తారు. ఆ నీళ్లు మాంసం ఉడికినవి కావచ్చు, అదీ అడగాల్సిందే.

బిల్లు అడక్కుండా తేరు. రెండు గంటలు కూర్చున్నా లేవమనరు, "లా క్వెంతా, పోర్ ఫవోర్" అనాలి. ఒక టేబుల్‌కి ఒకటే బిల్లు, ఎవరు ఏం తిన్నారో విడగొట్టి ఇమ్మంటే చిన్న బార్లలో కుదరదు. ఒక్కో బార్‌కి ఒకరు కట్టేయడం అక్కడి పద్ధతి, లేదా ముందే అందరూ కొంత డబ్బు ఒకరి దగ్గర పోగుచేసుకోండి, దాన్ని బోతే అంటారు. కౌంటర్ దగ్గర ఒక ధర, బయట తెర్రాసాలో ఇంకో ధర ఉండొచ్చు. తేడా బోర్డు మీద రాసి ఉంటుంది, కూర్చునే ముందు చూడండి. 10 శాతం పన్ను ధరలోనే కలిసి ఉంటుంది. బిల్లులో "పాన్" అని కనిపిస్తే అది బ్రెడ్డు ఖరీదు, తినకపోతే తీసేయమనండి. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తారు అంతే. కార్డు మిషన్ శాతాలు చూపిస్తే సున్నా నొక్కినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఆది, సోమవారాలు మూసేసే బార్లు చాలా ఉన్నాయి, వెళ్లే రోజు చూసుకోండి. మాడ్రిడ్‌లోని లా లతీనా పేట మాత్రం ఆదివారం మధ్యాహ్నమే కళకళలాడుతుంది. రాస్త్రో సంత అయ్యాక కావా బాహా వీధిలో వెర్మూత్. కుళాయి నుంచి పట్టింది అడగండి, "వెర్మూత్ దె గ్రిఫో". ఐసు, నారింజ ముక్క, ఆలివ్‌తో వస్తుంది. పక్కన సోడా సిఫోన్ పెడితే రెండు చిమ్ముల కంటే కొట్టకండి. ఆ గుంపులో ఫోను మాత్రం టేబుల్ మీద పెట్టొద్దు. మ్యాపు పరిచి దారి అడిగేవాడు మ్యాపుతో పాటు దాన్నీ ఎత్తుకుపోతాడు.